పెట్టెలోని బొమ్మ, ఇంటిలోని బిడ్డ

సోదరీమణులారా! ఈ మాసము మేము వ్రాయబోవు విషయమును మనము సాధారణముగా నోరెత్తి ముచ్చటింపము. అయినను మా యింటనే జరిగినది గనుక మఱుగుపఱచుట న్యాయము కాదని తోచినది. సంబంధించినవారి యనుమతి గైకొనియే వ్రాయుచున్నాము.

మా యక్కగారి కుమారుడు ఎనిమిదేండ్లు అమెరికాలో నుద్యోగము చేసి గత సంక్రాంతికి వచ్చెను. ఇంట పెండ్లిసంబంధముల ప్రస్తావన సాగుచుండ, ఒకనాటి రాత్రి వంటయింటి గుమ్మమున గూర్చుండి, "పిన్నీ, నా మనసు స్త్రీలయందు నిలువదు. నాకు తోడు పురుషుడే" అని మెల్లగా చెప్పెను. మేము నవ్వితిమి. "నీవా? నీ నడక యెట్టిది, నీ మాట యెట్టిది! అట్టివారు వేఱుగా నుందురు గదా" అంటిమి. అతడు తల వంచుకొని, "అట్టివారిని నీవెక్కడ చూచితివి, పిన్నీ?" అని యడిగెను.

మాకు బదులు తోచలేదు. మేము చూచినది టెలివిజనులోనే. హాస్యకార్యక్రమములలో పురుషుడొకడు చీర కట్టి, నడుము త్రిప్పుచు రాగా ఇంటిల్లిపాదియు నవ్వుట మన కలవాటు. ఆ వేషమునకు స్వలింగానురాగుల జీవితముతో గాని, హిజ్రాల జీవితముతో గాని పొత్తు లేదని మా కానాటివఱకు తట్టలేదు.

అమెరికా టెలివిజను మేలుగా నుండునేమో యని యడిగితిమి. అతడు చెప్పిన సంగతులివి. 1967లో నచ్చటి సి.బి.యస్. సంస్థ ప్రసారము చేసిన యొక కార్యక్రమమున, ఇట్టి పురుషు నొకనిని కుండీలోని మొక్క చాటున గూర్చుండబెట్టి మాటలాడించిరట! అప్పటికి వైద్యులు దీనిని రోగముగా నెంచుచుండిరి. 1973లో నచ్చటి మనోవైద్యుల సంఘము రోగముల పట్టికనుండి దీనిని తొలగించెను. 1998లో మొదలైన 'విల్ అండ్ గ్రేస్' అను హాస్యనాటకము జనప్రియమయ్యెను. 2003లో 'క్వీర్ ఐ' అను కార్యక్రమమున ఐదుగురు స్వలింగానురాగులు వచ్చి, వేఱొక పురుషుని దుస్తులు, జుట్టు, ఇల్లు, వంట దిద్దసాగిరి. చాటున దాగినవాడు సొగసుకాడై వెలుగులోనికి వచ్చెను.

"మంచిదే గదా" అంటిమి. "మంచిదే. కాని పిన్నీ, నాకు దుస్తుల సొగసు తెలియదు. చమత్కారముగ మాటలాడలేను. ఆదివారము పప్పుచారు కాచుకొని క్రికెట్టు చూచుటయే నా వేడుక. ఇచ్చటి బొమ్మ నేను గాను. అచ్చటి బొమ్మయు నేను గాను. మఱి నేనెవడనని యెన్నియో రాత్రులు కుమిలితిని" అనెను.

సొగసుగా నడచువారు లేరని కాని, వారు తప్పుచేసినారని కాని మా భావము కాదు. దాగుటకు వీలులేని వారికే మొదటి దెబ్బలు తగిలినవి. వారి ధైర్యమువలననే తక్కినవారికి నోరు వచ్చినది. లోపమెల్ల ఒక్క ముఖమునే మరల మరల చూపుటలో నున్నది. ధారావాహికలలోని యత్తగారు పట్టుచీరతోనే నిద్రించి, లేచినది మొదలు కోడలికి గోతులు త్రవ్వుచుండును. అది చూచి మనల నంచనా వేసినచో మన మొప్పుకొందుమా?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, వయసు వచ్చినవారు ఇష్టపడి యేకాంతమున గూడుట నేరము కాదని తీర్పు చెప్పెను. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను భయము అంతటితో వారికి దీరెను. 2023 అక్టోబరులో వారి వివాహమునకు గుర్తింపు నిచ్చుటకు మాత్ర మా న్యాయస్థానమే సమ్మతింపలేదు. తీర్పు లెట్లున్నను, బిడ్డ భయము విడిచి మాటాడవలసిన చోటు తల్లి యెదుటనే గదా!

ఉగాదినాడు అతడు మా యక్కగారికి తానే చెప్పెను. మేము ప్రక్కన గూర్చుంటిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. ఇంకను పూర్తిగా సమాధానపడనులేదు. కాని మఱునాడు బల్లమీది జాతకపు కాగితములన్నియు మడిచి బీరువాలో పెట్టినది.

సోదరీమణులారా! మీ యింట నొక బిడ్డ యిట్లు నోరు విప్పినచో, పెట్టెలోని బొమ్మతో వాని పోల్చి మావలె నవ్వకుడు. వాని మాట తుదవఱకు వినుడు. ఆ రాత్రి మా నవ్వు మాకింకను వినవచ్చుచునే యున్నది.