బ్లాకు టికెట్టుకి ముద్దుపేరు

"డిమాండుంటే ధర పెరుగుతుంది, దాన్ని మార్కెట్ అంటారు. ఇదేవన్నా రేషను బియ్యమా?" కోల్డ్‌ప్లే టికెట్ల సంగతి ఎత్తినప్పుడల్లా మనవాళ్ళలో ఎవరో ఒకరు ఈ ముక్క అనకుండా ఉండరు. అనేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే, ఎకనామిక్స్ మొదటి చాప్టరు వరకూ. రెండో చాప్టరు తెరిచేలోపు క్యాంపస్ ఇంటర్వ్యూ వచ్చేసినట్టుంది :)

నేనైతే ఒప్పుకోను. ఎందుకొప్పుకోనో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

2024 సెప్టెంబరు 22, ఆదివారం మధ్యాహ్నం. నవీ ముంబైలో 2025 జనవరి 18, 19 తారీకుల్లో జరిగే షోలకి టికెట్ల అమ్మకం. 2,500 నుంచి 35,000 దాకా ధరలు. దేశంలో ఉన్న ప్రతి ల్యాప్‌టాపూ ఆ పేజీ మీదే పడింది. సైటు కాసేపు చతికిలపడి, మళ్ళీ లేచింది. జనాన్ని చూసి 21న మూడో షో కూడా అప్పటికప్పుడు కలిపారు. అదీ అయిపోయింది. సాయంత్రానికల్లా అవే టికెట్లు వేరే చోట్ల లక్షల్లో రేటు కట్టుకుని కూర్చున్నాయి. నాకు క్యూలో వచ్చిన నంబరు ఏడు లక్షల చిల్లర. నేను పేజీలో కూర్చున్నది పదకొండింటికి. మా తమ్ముడు పన్నెండుకి రెండు నిమిషాల ముందు, పళ్ళు తోముకుంటూ ఫోన్లో తెరిచాడు. వాడికి నలభై వేల లోపు నంబరొచ్చింది!

మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇందులో వింతేం లేదు. ఇలాంటి వెయిటింగ్ రూముల్లో మామూలుగా జరిగేది ఏంటంటే, అమ్మకం మొదలయ్యేలోపు వచ్చినవాళ్ళందరినీ ఒక గంపలో వేసి కుదిపి, గంట కొట్టగానే ఇష్టమొచ్చినట్టు నంబర్లు పంచుతారు. సర్వరు బతకడానికి అది మంచి పద్ధతే, కాదన్ను. కానీ దాని పేరు క్యూ కాదు, లాటరీ. లాటరీలో ఎక్కువ చీటీలు ఎవరివైతే వాళ్ళదే గెలుపు. ఒక ఫోనూ ఒక ల్యాప్‌టాపూ ఉన్న అభిమాని ఒకవైపు, రెండొందల అకౌంట్లూ స్క్రిప్టులూ పెట్టుకున్నవాడు ఇంకోవైపు. బాంబే వాడు బ్యాటు పట్టుకుంటే మనం అగ్గిపుల్ల పట్టుకుని దిగినట్టన్నమాట.

తిరుమల వాళ్ళు ఈ విషయంలో మహా నిజాయితీపరులు. సుప్రభాతం, తోమాల లాంటి సేవలకి టికెట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. అందుకని ఎలక్ట్రానిక్ డిప్ అని పెట్టారు. పేరు నమోదు చేసుకోడానికి రెండు మూడు రోజులు టైమిస్తారు, తర్వాత డిప్ తీస్తారు, వచ్చినవాళ్ళు డబ్బు కట్టుకుంటారు. పదకొండింటికే వచ్చి కూర్చోమని చెప్పరు, నెట్ స్పీడు చూడరు. 300 రూపాయల దర్శనం టికెట్టు తీసుకున్నా అంతే, మీ పేరూ ఆధారూ ఉండాల్సిందే. మా పక్కింటాయనకి అమ్ముకుంటానంటే కుదరదు. రైల్వే సంగతి చెప్పనే అక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్ళే ప్రతివాడికీ తత్కాల్ బాధలు తెలుసు, 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాలుకి ఆధార్ కూడా తప్పనిసరి చేశారు. అనుమతి లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేస్తే మూడేళ్ళ దాకా జైలని 1989 రైల్వే చట్టం 143వ సెక్షను చెప్తుంది. అది ఇంటర్నెట్టు టికెట్లకీ వర్తిస్తుందని సుప్రీం కోర్టు తేల్చింది ఎప్పుడనుకున్నారు? 2025 జనవరిలో, సరిగ్గా కోల్డ్‌ప్లే ఇక్కడికొచ్చిన నెలలోనే.

అహ్మదాబాద్ షోలు నవంబరులో ప్రకటించారు. ఈసారి నా చీటీ తగిలింది. మోతేరాలో జనవరి 25, శనివారం. ఆ రోజు గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

యెల్లో పాట వచ్చింది 2000లో. నేను విన్నది 2003లో, అమీర్‌పేటలో జావా నేర్చుకుంటూ నలుగురం ఒక రూములో ఉన్నప్పుడు, ఒకడు రైట్ చేసిచ్చిన సీడీలో. ఇరవై రెండేళ్ళ తర్వాత అదే పాట మొదలవగానే లక్షమంది చేతులకున్న బ్యాండ్లు ఒక్కసారిగా పసుపు పచ్చగా వెలిగాయి. నా పక్కన యాభై దాటిన గుజరాతీ ఆవిడ, కూతురితో వచ్చినట్టుంది, పదాలన్నీ తప్పు పాడుతూ ఏడుస్తోంది. నాదీ దాదాపు అదే పరిస్థితి. (మద్యనిషేధం రాష్ట్రం కాబట్టి ఆ కన్నీళ్ళన్నీ మజ్జిగ మీద వచ్చినవే.) అర్ధరాత్రి మెట్రోలో నిలబడ్డానికి చోటు లేదు, అయినా పెట్టె పెట్టంతా పాడుతూనే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రాత్రి సగం కచేరీ స్టేజీ మీద జరిగితే సగం జనంలో జరిగింది. పదాలు తెలిసిన జనం లేకపోతే ఆ బ్యాండ్లు లైటింగు సామానే. 2,500కి టికెట్టు పెట్టడమంటే బ్యాండు వాళ్ళకి లెక్కలు రాక కాదు, పాడేవాళ్ళు లోపలికి రావాలని. పదివేలకి పోయే వస్తువుని 2,500కి ఇస్తే ఆ ఏడున్నర వేలు అభిమానికి ఇచ్చినట్టు. మధ్యలో ఒకడొచ్చి అది జేబులో వేసుకుంటే మార్కెట్ అంటారా? అన్నదానం దగ్గర విస్తళ్ళు ముందే పట్టుకెళ్ళి, వీధి చివర ప్లేటు మూడొందలకి అమ్మేవాణ్ణి మీ ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు.

గేటు దగ్గర ఒక కుర్రాడు. "అన్నా, మీరు తెలుగా?" అన్నాడు, నా ఫోను మాటలు విని. విజయవాడ నుంచి, ఇంజినీరింగు ఫైనలియరు, వెంట చెల్లెలు. టెలిగ్రాం గ్రూపులో ఎవడి దగ్గరో రెండు టికెట్లు 22 వేలకి కొన్నాడట. స్కానరు ఒప్పుకోలేదు. ఆ టికెట్లమీద అప్పటికే ఎవరో లోపలికెళ్ళిపోయారన్నారు. అమ్మినవాడి నంబరు స్విచాఫ్. ఆ పిల్ల ఏం మాట్లాడలేదు, బుగ్గల మీద గీసుకున్న నక్షత్రాలు రుమాలుతో తుడుచుకుంటోంది. నేను వాలంటీరుతో మాట్లాడి చూశాను, పని కాలేదు. టికెట్టు మీద పేరుంటే ఆ టెలిగ్రాం దొంగకి అమ్మడానికి సరుకే ఉండేది కాదు.

విచిత్రమేంటంటే మందు ఆ టూరులోనే ఉంది. ఇన్ఫినిటీ టికెట్లని కొన్ని పెట్టారు, ముంబై షోలకి ఒక్కోటి 2,000 రూపాయలు. ఒకరికి రెండే, జంటగానే కొనాలి, సీటెక్కడో షో రోజున బాక్సాఫీసులో తీసుకున్నప్పుడే తెలుస్తుంది. చేతికి రాని కాగితాన్ని, ఎక్కడో తెలియని సీటుని బ్లాకులో ఎవడమ్ముతాడు? కొన్ని టికెట్లకి చెయ్యగలిగింది అన్నిటికీ ఎందుకు చెయ్యరు?

2023లో ద క్యూర్ బ్యాండు అమెరికా టూరులో వీలైనచోటల్లా టికెట్లు చేతులు మారకుండా కట్టేసింది. రానివాళ్ళు అసలు ధరకే వెనక్కి ఇచ్చుకునే ఏర్పాటు చేసింది. న్యూయార్క్, ఇల్లినాయ్, కొలరాడోల్లో మాత్రం చట్టాలే అడ్డొచ్చాయి. ఆ గాయకుడు రాబర్ట్ స్మిత్ అంతటితో ఆగకుండా ఫీజులు ఎక్కువయ్యాయని గొడవపెట్టుకుని, టికెట్‌మాస్టర్ చేత కొంత డబ్బు వెనక్కి ఇప్పించాడు కూడా.

"జ్వరమొస్తే? ఆన్‌సైటు పడితే? నా టికెట్టు నేను అమ్ముకోకూడదా?" అంటారు. అమ్ముకోండి, కొన్న సైటులోనే, కొన్న ధరకే, వెయిటింగు లిస్టులో తర్వాత ఉన్నవాడికి. పేరు మారుతుంది, పాత కోడు చచ్చిపోతుంది, కొత్త కోడు పుడుతుంది. మీకు నష్టం లేదు, అవతలివాడికి మోసం లేదు.

ఇక మిగిలింది "అంతమందికి ఐడీలు చూడ్డం అయ్యే పనేనా" అనే వాదన. రైల్లో టీసీ చూస్తున్నాడు, ఎయిర్‌పోర్టులో జవాను చూస్తున్నాడు, కొండ మీద చూస్తున్నారు. సాఫ్ట్‌వేరు వైపు పేరుకొక కాలమ్, కోడు మార్చే ఒక ఏపీఐ, వెయిటింగు లిస్టుకొక టేబులు. మన దగ్గర కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకిస్తే నాలుగు స్ప్రింట్లలో పట్టుకొస్తారు, అందులో ఒక స్ప్రింటు మీటింగులకే పోయినా సరే.