రోహిణీకార్తెలో పెరటితోట

మే నెల చివర ప్రవేశించు రోహిణీకార్తె పెరటితోటకు పరీక్షాకాలము. ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములలో కాలువలు కట్టివేసిన దినములలో ఇంటికే నీరు చాలదు. ఇక మొక్కలకెక్కడిదని ఇల్లాండ్రు విచారింతురు. మన నేలకు అలవాటుపడిన మొక్కలను పెంచువారికి ఈ విచారము సగము తగ్గును.

పారిజాతము, నందివర్ధనము, గోరింట, కరివేప బాగుగా వేరూనినచో నిత్యము నీరు కోరవు. నాలుగైదు దినములకొకసారి సాయంకాలమున వేరు తడియునట్లు పోసిన చాలును. దినదినము పైపైన చిలకరించినచో వేళ్లు పైననే నిలిచి ఎండకు మాడును. మల్లెకును, కుండీలోని తులసికిని మాత్రము ప్రతిదినము కొంచెము నీరు కావలెను.

తాడేపల్లిగూడెమునకు ఉత్తరపు మెట్టలలో ఎఱ్ఱనేల త్వరగా ఆరును. కొల్లేటి దాపుల నల్లనేల బీటలువారి వేళ్లను త్రెంచును. బీటలను పొడిమన్నుతో పూడ్చి, మొక్కచుట్టును నాలుగంగుళముల మందమున ఎండుటాకులో వరిగడ్డియో పఱవవలెను. అది మొదలునకు తాకరాదు.

కొల్లేటి గ్రామములలో వేసవియందు నూతినీరు ఉప్పనైనచో, దానిని కుండీలకు పోయరాదు. మంటిపై తెల్లని పొర కట్టి ఆకుల అంచులు మాడును. బియ్యము, పప్పు కడిగిన నీరు మేలు. సబ్బునీరు పనికిరాదు.

ఈ కార్తెలో ఎరువు వేయుట, కొమ్మలు కత్తిరించుట, మొక్కలు మార్చుట మానుడు.

తుదకొక మనవి. ఆకురాల్చిన మొక్కను చచ్చినదని పెఱికివేయకుడు. బెరడును గోటితో గీచి చూడుడు. లోపల పచ్చగానున్నచో ప్రాణమున్నది. మృగశిర వానలవఱకు దానిని కాపాడుడు.