తాత తుపాకి మీ చేతికొచ్చింది

పావగడ తాలూకా పిల్లలకు,

చెనిక్కాయ ఊరే కాలంలో అడవిపందులు తెల్లారేసరికి చేను తవ్విపోస్తాయి. అందుకే మన పెద్దోళ్లు పంటకాపుకు లైసెన్సులు తెచ్చుకున్నారు, వేటకు కాదు. 1972 చట్టం వచ్చినాక అనుమతి లేకుండా అడవి జంతువును కొడితే జైలే. లైసెన్సు మీ పేరుకు మారేదాకా తుపాకి ముట్టనే వద్దు. మారినాక, ముందు కడగడం నేర్చుకోండి. పందిని బెదరగొట్టడానికి ఒట్టి మందు పేల్చినా గొట్టానికి మసి పడుతుంది.

మనవి చాలావరకు మూతిలోంచి మందు దట్టించే నాటు తుపాకులు. విరిచి లోపల చూసే వీలు లేదు. మొదట కేపు ఉంటే తీసెయ్యండి. మూతి ఎవరి వైపూ లేకుండా పట్టుకుని కడ్డీ లోపలికి వదలండి. మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించండి. కొన కేపు బెజ్జం దాకా రాకుండా నాలుగు వేళ్లు ఇవతలే ఆగిందా, లోపల మందుంది. "పోయినేడే కాల్చేసినాం లే" అంటే నమ్మొద్దు. తెలిసిన మేస్త్రీని పిలవండి.

నల్ల తుపాకిమందు మసిలో ఉప్పు జాతి సరుకు ఉంటుంది. గాలిలో తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. చాలామంది కిరసనాయిలు పోస్తారు. ఉప్పు కిరసనాయిల్లో కరుగుతుందా? వేడినీళ్లే కావాల. గొట్టం కట్టె నుంచి విప్పి, కేపు మర ఊడదీసి, అడుగుభాగం బేసిన్లో ముంచండి. కడ్డీకి గుడ్డపీలిక చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే బెజ్జంలోంచి నీళ్లు పీల్చి కక్కుతుంది. మురిగిన గుడ్డు వాసనొస్తుంది, గంధకం కదా. నీళ్లు మొదట కారునలుపు, తర్వాత బూడిదరంగు, ఆఖరికి తేట. చివరి నీళ్లు బాగా కాగినవి పోస్తే ఆ వేడికే గొట్టం ఆరుతుంది. ఆనక పొడిగుడ్డ, పలచగా తుపాకి నూనె. చెనిక్కాయ నూనె నిలవుంటే జిగురు కడుతుంది, వద్దు. మళ్లీ దట్టించేముందు నూనె తుడిచెయ్యండి, మందు తడుస్తుంది.

ఎలక్షన్లకు స్టేషన్లో అప్పజెప్పమన్నప్పుడూ ఇట్లే కడిగి ఇవ్వండి. నెలల తరబడి మూలనుండే తుపాకిని ఎవరు తుడుస్తారు?

తిరుమణి వైపు పిల్లలకు ఇంకో మాట. 2,050 మెగావాట్ల సోలార్ పార్కుకు చేలు అద్దెకిచ్చినారు. పలకల కింద పంది తినేదేముంది? చేను లేని ఇంట్లో పంటకాపు తుపాకి ఎందుకని నా అభిప్రాయం. అర్జీ రాసి అప్పజెప్పండి, రసీదు మాత్రం అడిగి తీసుకోండి.

ఇట్లు,
మీ తాత ఈడువాడు