కంటి డాక్టరు సీటు సరే, కత్తి ఎవరి చేతికిస్తారు?

మన పేటల్లో ఇప్పుడు అక్కడొకరు ఇక్కడొకరు ఎంబీబీఎస్ పాసైన పిల్లలు కనపడుతున్నారు. కూలికెళ్ళి, అప్పులు చేసి చదివించిన తల్లిదండ్రులకి ఆ తరవాత ఏం చదివించాలో చెప్పే దిక్కు లేదు. నీట్ పీజీ రాసి ర్యాంకు తెచ్చుకున్న బిడ్డకి కంటి విభాగంలో ఎం.ఎస్. సీటు వచ్చేలా ఉంది, చేరమందామా వద్దా అని ఈ మధ్య ఒక కుటుంబం నన్నడిగింది. "కళ్ళ డాక్టరంటే అద్దాలు రాసిచ్చే డాక్టరే గదా మాస్టారూ, అన్ని జబ్బులు చూసే డాక్టరైతే నలుగురికీ పనికొస్తది" అన్నాడు తండ్రి. ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. అందుకే పదిమందిలో పెడుతున్నా.

ముందు లాభం చూద్దాం. చూపు పోయేది ఎవరికి? 1996 నుంచి 2000 దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన కంటి సర్వేలో వెయ్యిమందికి 18 మందికి పైగా చూపు లేనివాళ్ళు తేలారు. బీదరికం పెరిగేకొద్దీ ఆ సంఖ్యా పెరిగింది. వాళ్ళలో పదింట ఆరుగురికి చూపు పోయింది శుక్లాల వల్లా, సరైన అద్దాలు లేకా. అంటే ఒక ఆపరేషనో, ఒక జత కళ్ళద్దాలో అందక. దేశం మొత్తమ్మీద 2015-19 సర్వేలో కూడా యాభై దాటి చూపు పోయినవాళ్ళలో మూడింట రెండొంతుల మందికి కారణం శుక్లమే. వరి కోతల్లో ఆకు గీసుకున్నా, నూర్పిళ్ళలో ఊక పడినా నల్లగుడ్డు మీద పుండు లేస్తది. బూజు పడితే కన్నే పోతది. ఆ పొలంలో వంగేది ఎవరు? క్వారీల్లో రాళ్ళు కొట్టేది ఎవరు? కాబట్టి కంటి వైద్యం షోకు వైద్యం కాదు. కూలోడి వైద్యం. పొర తీసి లోపల అద్దం పెడితే మర్నాడు కట్టు విప్పగానే మనవణ్ణి గుర్తుపట్టే అవ్వ మన పేటలోనే ఉంటది.

ఇంకో లాభం. సర్కారీ కాలేజీలో మూడేళ్ళూ స్టైపెండ్ వస్తది. ఇంటికి డబ్బు పంపాల్సిన మన బిడ్డలకి అది చిన్న సంగతి కాదు. కాన్పుల వార్డులో, ఎమర్జెన్సీలో ఉన్నంత రాత్రి చాకిరీ కూడా ఇందులో ఉండదు.

నష్టాలూ ఉన్నాయి. చదువయ్యాక సొంతంగా ఆసుపత్రి పెట్టాలంటే స్టెతస్కోపు ఒక్కటీ చాలదు. స్లిట్ ల్యాంపు, ఆపరేషన్ మైక్రోస్కోపు, ఫాకో మిషను, అన్నీ లక్షల మీద మాట. పొలం అమ్మి పెట్టుబడి పెట్టే మామలు మనకి లేరు. చివరికి ఏదో కార్పొరేట్ కంటి ఆసుపత్రిలో జీతానికి కుదరాల్సొస్తది. రెటీనా, నల్లగుడ్డు లాంటి పెద్ద పనులు నేర్చుకోవాలంటే మళ్ళీ ఫెలోషిప్ అంటారు. అవి ఎక్కువగా ప్రైవేటు, ట్రస్టు ఆసుపత్రుల్లో ఉన్నాయి. అక్కడ రిజర్వేషను మాట అడిగే వీల్లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంగతి వేరే ఉంది.

కంటి ఆపరేషన్ మైక్రోస్కోపు కింద చేస్తారు. కన్ను ఎంత, కోత ఎంత? పక్కనున్నవాడు నీటిచుక్కలు పోయడం తప్ప పెద్దగా చేసేదేం లేదు. కుర్చీ ఒకటే, చెయ్యి ఒకరిదే. చూసి నేర్చుకోవడం కొంతవరకే. ముందు మేక కళ్ళ మీద సాధన చేయిస్తారు. తరవాత సీనియర్ పక్కనుండి ఇవాళ కోత, ఇంకో వారం పొర తీయడం, ఆపైన లెన్సు పెట్టడం, ఇలా మెట్టు మెట్టుగా అప్పగిస్తారు. చివరికి మొత్తం ఆపరేషన్. ఆ కుర్చీలో ఎవరిని కూచోబెట్టాలో యూనిట్ చీఫ్ నోటిమాట మీద నడుస్తది. రోస్టరు అడ్మిషన్ దాకానే. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర అది ఆగిపోతది.

ఇది ఊహ అనొద్దు. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల సంగతి చూడమని కేంద్ర ప్రభుత్వం వేసిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. పాఠం చెప్పే దగ్గర, మార్కులేసే దగ్గర, హాస్టల్లో కూడా కులం పనిచేస్తున్నదని అందులో ఉంది. 2019లో ముంబైలో కాన్పుల విభాగంలో పీజీ చేస్తున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని కుటుంబం మొత్తుకుంది. సీటు తెచ్చుకున్నంత మాత్రాన అయిపోలేదని ఈ రెండూ చెబుతున్నాయి.

"కన్నంటే ఆటబొమ్మా, నైపుణ్యం ఉన్నోడికే కత్తి ఇవ్వాలి" అని మెరిట్ పెద్దలు అంటారు. ఒప్పుకుంటాం. నైపుణ్యం తల్లి కడుపులోంచి వస్తదా? పక్కన ఒకరుండి చేయిస్తే వస్తది, లెక్కగా అవకాశం ఇస్తే వస్తది. ఇంకో మాట. వీళ్ళంతా నేర్చుకునేది ఎవరి కంటి మీద? ఉచిత క్యాంపు బస్సెక్కి వచ్చిన మన ముసలమ్మ కంటి మీద. కన్ను మనది, సీటు తెచ్చుకున్న బిడ్డ మనది, కత్తి మాత్రం మన బిడ్డ చేతికి రాదంటే దాన్ని ఏమనాల?

అందుకని నా మాట: చేరమనండి. కాని అడిగి చేరమనండి. కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు చూసి బటన్ నొక్కొద్దు. అక్కడ చదివి బయటికొచ్చిన మనోళ్ళని వెతికి పట్టుకోండి. మూడేళ్ళలో సొంత చేత్తో మొదట్నించి చివరిదాకా ఎన్ని ఆపరేషన్లు చేశావు అని అడగండి. లాగ్‌బుక్కులో రాసింది, చేతితో చేసింది ఒకటేనా అని అడగండి. హైదరాబాద్ సరోజినీదేవి, విశాఖ, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రుల్లాంటి చోట్ల బీదజనం తాకిడి ఎక్కువ, కాబట్టి చేతికి పని దొరికే వీలుంది. అయితే తాకిడి ఎక్కువైతే పొద్దంతా ఓపీలోనే గడిచిపోవచ్చు. ట్రస్టు ఆసుపత్రుల్లో డీఎన్‌బీకి పద్ధతిగా నేర్పే చోట్లున్నాయి. అక్కడా ఇదే ప్రశ్న అడగాల.

సంఘాల పని ఇక్కడే ఉంది. హాస్టల్ సీట్ల కోసం ధర్నా చేసినట్టే దీనికీ కదలాల. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. ఏ సర్కారీ కంటి ఆసుపత్రిలో ఏ పీజీకి ఎన్ని ఆపరేషన్లు ఇచ్చారో, ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఎన్ని వచ్చాయో దరఖాస్తు పెట్టి లెక్క తీయండి. ఆపరేషన్ వంతులు రాసి థియేటర్ గోడకి అంటించాలని డిమాండ్ చెయ్యండి. 2021 బ్యాచ్ నుంచి పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచెయ్యాలన్న నిబంధన వచ్చింది. మన జిల్లాకి వచ్చిన బిడ్డని కలవండి. బాగున్నావా అని అడిగి ఊరుకోవద్దు, కత్తి పట్టనిస్తున్నారా అని అడగండి.