ఆసామి యెవరు?

ఆంగ్లములోని ‘పర్సన్’ అను మాటకు తెలుగులో అర్థమేమని అడిగినచో బడిపిల్లలందరును ఒక్క గొంతుతో ‘వ్యక్తి’ అని చెప్పుదురు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పిల్లవాడెవడైన ‘ఆసామి’ అని వ్రాసెనా, ఉపాధ్యాయుని ఎర్రసిరా దానిపై పడుట తథ్యము. అది మోటుమాట అని కాబోలు! ఆ గీత గీయుటకు ముందు కొంచెము ఆలోచింపవలసి యున్నది.

‘పర్సన్’ పుట్టుకయే యేమంత ఘనమైనది కాదు. లాటినులో ‘పెర్సోనా’ అనగా నటుడు మొగమునకు పెట్టుకొను తొడుగు. అది క్రమముగా అతడు ధరించు పాత్రకు, పిమ్మట లోకములో మనిషి వహించు పాత్రకు, తుదకు మనిషికే పేరైనది. న్యాయశాస్త్రము దానిని ఇంకను సాగదీసినది. కంపెనీయు ‘పర్సనే’, ఇంటి దేవతావిగ్రహమునకును న్యాయదృష్టిలో వ్యక్తిత్వము కలదని 1925లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. ఇక సంస్కృతమునుండి వచ్చిన ‘వ్యక్తి’కి మూలార్థము వెల్లడియగుట, మనిషి అను అర్థము తరువాత అబ్బినది.

‘ఆసామి’ త్రోవ వేరు. అరబ్బీలో ‘ఇస్మ్’ అనగా పేరు; ‘అస్మా’ అనగా పేర్లు; ఆ బహువచనమునకు మరల బహువచనము ‘అసామీ’. పారసీకము రాజ్యభాషగా నుండిన కాలమున జమాబందీ, వసూలు, కౌలు అను మాటలతో కూడి ఇదియు శిస్తు లెక్కలనుండి పల్లెలకు దిగినది. పేర్ల పట్టీకి చెల్లిన మాట పట్టీలోని ఒక్కొక్క పేరునకు, ఆ పేరుగల రైతునకు అంటుకొన్నది. రెండుమారులు బహువచనమైనదానిని ఏకవచనము చేసికొని, మనవారు మరల ‘ఆసామీలు’ అని మూడవమారు బహువచనము చేసిరి. భాషకు ఇట్టి చమత్కారములు కొత్త కాదు.

అయితే శిస్తు పట్టీకి పేరు ఎక్కవలెనన్న ఆ పేరున భూమి యుండవలెను. చిక్కంతయు ఇక్కడనే యున్నది. కథలలో ‘ఒక ఆసామి’ అన్న ఎవడో ఒకడు. ఊరిలో ‘పెద్ద ఆసామి’ అన్న భూమి గలవాడు. ఆ ఆసామి మిరపకోతకు ‘పదిమంది మనుషులు కావలెను’ అని కబురంపును. చేనిలోనికి వచ్చు ఆ పదిమందిలో ఒక్కరిని గూడ ఆసామి అని యెవ్వరును అనరు. వారు మనుషులు, అంతే. ‘పనిమనిషి’ అను మాటయు ఈ త్రోవనే వచ్చినది. పట్టా స్త్రీపేరనే యున్నను ఆమెను ఆసామి అని పిలుచుట అరుదు.

జగ్గయ్యపేట స్తూపము దీనికంటె చాల పాతది. 1882లో బర్జెస్ దొర పరిశీలించిన ఆ బౌద్ధస్థలమున ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని ఇరువదవ రాజ్యసంవత్సరపు ప్రాకృత శాసనము దొరకినది. ఆయక స్తంభములను నిలిపినవాడు సిద్ధార్థుడను శిల్పి. తన పేరుతోబాటు తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటివారి పేర్లును అతడు రాతికెక్కించెను. అదియు ఒక పేర్ల పట్టీయే కదా! అందులో శిస్తు ప్రసక్తి లేదు, సెంటు భూమి లెక్క లేదు. చేతిపని గలవాని కుటుంబము పేరు పేరున నిలిచియున్నది.

2005లో ఉపాధి హామీ చట్టము వచ్చిన పిదప చెరువుపూడిక తీయు కూలివారి పేర్లును మస్తరులోని కెక్కినవి. శబ్దమూలమును బట్టి చూచినచో వారును ఆసామీలే. పల్లెలో ఆ పిలుపు వారికి దక్కలేదు.

కనుక ‘ఆసామి’ అని వ్రాసిన పిల్లవానికి మార్కు ఇచ్చి, మీ ఊరిలో ఆసామి అని యెవరిని పిలుతురు, ఎవరిని పిలువరు అని అడిగి చూడవచ్చును. ఆ రెండవ ప్రశ్నకు వచ్చు జవాబు నిఘంటువులో దొరకదు.