నవ్వుచు లెక్కలు నేర్వరాదా?

గణితమను మాట వినినంతనే మన విద్యార్థులలో పెక్కుమందికి ముఖము వాడిపోవును. ఉపాధ్యాయుడు నల్లబల్లపై సమీకరణమును వ్రాసి వెనుకకు దిరిగి చూచునప్పటికి తరగతిలోని తలలన్నియు వంగియుండును. తెలిసినవాడు సైతము తప్పు చెప్పుదునేమో యని పెదవి కదల్పడు. తెలియనివాని సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. ఈ వెఱపే గణితవిద్యకు బద్ధశత్రువు. దీనిని బోగొట్టుటకు బెత్తము పనికిరాలేదు, హితబోధలును పనికిరాలేదు. నవ్వు పనికివచ్చునేమో యేల పరీక్షింపరాదు? ఇదియే నా మనవి.

ఈ కాలమున అంతర్జాలమునందును, పత్రికలయందును గణితమును వస్తువుగా గొన్న హాస్యచిత్రములు వెలువడుచున్నవి. బాలురు వానిని జూచుట కాలహరణమని కొందఱు పెద్దలు తలంతురు. అట్టి చిత్రములలో మేలైనవి పాఠమునకు శత్రువులు గావనియు, పాఠమునకు ద్వారములనియు నా యభిప్రాయము.

అమెరికా దేశీయుడగు ర్యాండల్ మన్రో భౌతికశాస్త్రమున పట్టము పొంది, నాసా యను అంతరిక్ష పరిశోధన సంస్థలో గొంతకాలము పనిచేసి, 2005వ సంవత్సరమున ‘ఎక్స్‌కేసీడీ’ యను చిత్రమాలిక నారంభించెను. అందలి మనుష్యులకు గుండ్రని తలయు, గీతలవంటి కాలుసేతులును దక్క మఱేమియు నుండవు. 2009లో వచ్చిన యొక చిత్రమున ఒకడు పెండ్లికూతునకు లెక్క చెప్పుచుండును. నిన్న ఆమెకు భర్తల సంఖ్య సున్న, నేడు ఒకటి. ఈ లెక్కన వచ్చు నెల చివరకు ఆమెకు నాలుగు డజనుల మంది భర్తలుందురట! రెండు బిందువులను గలుపుటకు ఒక సరళరేఖ యెల్లప్పుడు దొరకును. కాని ఆ రేఖను ముందునకు బొడిగించుటకు మనకు హేతువున్నదా యనునదియే ప్రశ్న. ఈ చిత్రమును నేనొకమాఱు తరగతిలో జూపితిని. అందఱికంటె ముందుగా నవ్వినవాడు, ఏడాది పొడుగునను నోరు విప్పక వెనుక బల్లపై గూర్చుండు బాలుడు. ఏల నవ్వితివని యడిగితిని. “పెండ్లి దినదినము జరుగునది కాదు గదండీ” యని యతడు బదులు చెప్పెను. సూత్రములు వల్లించువారి కంటె నతడు విషయమును చక్కగ గ్రహించెనని నాకు దోచినది.

2011లో వచ్చిన మఱియొక చిత్రము ఇంతకంటె లోతైనది. ఒక రకపు మిఠాయి తినిన మొటిమలు వచ్చునా యని శాస్త్రజ్ఞులు పరీక్షించి, సంబంధము లేదని తేల్తురు. అంతట రంగు రంగునకు వేఱుగ జూడుమందురు. 20 రంగులను పరీక్షింపగా 19 రంగులకు సంబంధము కానరాదు. పచ్చరంగు మిఠాయికి మాత్రము కానవచ్చును. మఱునాడు వార్తాపత్రికలో పచ్చ మిఠాయియే పెద్ద యక్షరములలో నెక్కును! ఇందలి కీలకమేమి? సంబంధమేమియు లేకున్నను, కేవల యాదృచ్ఛికముగ ఉన్నట్లు తోచుటకు ఒక్కొక్క పరీక్షలో నూటికి 5 పాళ్లు అవకాశమున్నదనుకొందము. అప్పుడు 20 పరీక్షలలో ఒక్కటియైన నట్లు తోచుటకు నూటికి 64 పాళ్లు అవకాశము కలదు. 0.95ను ఇరువదిమార్లు గుణించి, వచ్చినదానిని 1 నుండి తీసివేసి విద్యార్థులే సరిచూచుకొనవచ్చును. ఔషధముల ప్రకటనలను జదివి మోసపోవు ఈ దినములలో నీ నవ్వు ఎంత యుపకారియో వేఱుగ జెప్పవలయునా?

సిడ్నీ హారిస్ గీసిన బొమ్మ యొకటి కలదు. నల్లబల్లకు ఎడమవైపున పెద్ద సూత్రములు, కుడివైపున మఱికొన్ని సూత్రములు. నడుమ మాత్రము ఇచ్చట నొక మహిమ జరుగునని వ్రాసియుండును. చూచుచున్న రెండవ పండితుడు ఈ రెండవ మెట్టును గొంచెము విశదపఱుపుమని మర్యాదగ నడుగుచున్నాడు. మన వార్షిక పరీక్షల జవాబు పత్రములలో ఇట్టి మహిమలెన్ని జరుగుచున్నవో దిద్దువారికి బాగుగ దెలియును. వ్రాసినవారికి నింకను బాగుగ దెలియును.

హాస్యమువలన శాస్త్రగౌరవము తగ్గునని కొందఱాక్షేపింతురు. వారికి నా సమాధానమిది. బిల్ వాటర్సన్ 1985 మొదలు 1995 వఱకు గీసిన ‘కాల్విన్ అండ్ హాబ్స్’ అను చిత్రమాలికలో ఒక చిన్నవాడు, రెండంకెలు కలిసి మాయవలె మూడవ యంకె యగుచున్నదనియు, ఎట్లగుచున్నదో యెవరును చెప్పజాలరనియు, కావున గణితము నమ్మకమునకు సంబంధించినది గాన తనకు మినహాయింపు కావలయుననియు వాదించును. మనము వాని సోమరితనమునకు నవ్వుదుము. కాని యా నవ్వులో నుపాధ్యాయులమగు మాకును నొక చుఱక తగులుచున్నది. కారణము జెప్పక, చెప్పినట్లు చేయుమని మాత్రమే మేము బోధించితిమేని, ఆ పిల్లవాని ఫిర్యాదు న్యాయమైనదే గదా!

అయినను హాస్యమున నొక యపాయము లేకపోలేదు. 2008లో మన్రో గీసిన చిత్రమున శాస్త్రజ్ఞులు వరుసగ నిలుచుందురు. సాంఘికశాస్త్రము మనశ్శాస్త్రమునకును, మనశ్శాస్త్రము జీవశాస్త్రమునకును, జీవశాస్త్రము రసాయనశాస్త్రమునకును, రసాయనశాస్త్రము భౌతికశాస్త్రమునకును కేవలము ప్రయోగరూపములని యొకరినొకరు తక్కువ చేయుచుందురు. గణితజ్ఞుడు బహుదూరమున నిలిచి, మీరచ్చట నున్నట్లు నేను చూడనేలేదనును. దీనిని జూచి గణితము వచ్చినవాడు తన గర్వమునకు దానే నవ్వవలయును. అట్లుగాక రానివానిని జూచి నవ్వెనేని, అది హాస్యము గాదు, అవహేళనము. అవహేళనమువలన వెఱపు పోదు, ఇనుమడించును. తరగతిలో నొకనికి నవ్వు రానిచో తక్కినవారు వానిని వెలివేయక, మెల్లగ వివరింపవలయును.

చిత్రములు చూచినంతమాత్రమున లెక్క రాదని నేనును ఒప్పుకొందును. కుస్తీని జూచువానికి కండలు పెరుగవు. కాని కుస్తీని జూచి ముచ్చటపడినవాడు గదా గోదాలోనికి దిగుట! పూర్వులకును నీ రహస్యము తెలియును. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు లీలావతిలో తుమ్మెదల గుంపును విభాగించి లెక్క కట్టించెను. పదునొకండవ శతాబ్దమున పావులూరి మల్లన గణితమును తెనుగు పద్యములలో నింపెను. శాస్త్రమును ముద్దుగ జెప్పుట శాస్త్రమునకు గౌరవహానియని వారు తలంపలేదు.

కావున పాఠశాలలలో వారమునకొక గణితచిత్రమును గోడబల్లపై నుంచి, దాని క్రింద ‘ఇందు తప్పు ఎక్కడ?’ అను నొక్క ప్రశ్న వ్రాయవలయునని కోరుచున్నాను. విద్యార్థులును తామే యట్టి చిత్రములు గీయవలయును. తప్పును గనిపెట్టనిదే నవ్వురాదు. ఒప్పు తెలియనిదే తప్పు కనబడదు. ఈ రెండు మెట్లెక్కిన బాలునకు నల్లబల్ల యెదుట తలవంచుకొను నవసరముండదు.