ముందు పేరు రాసుకోండి

కనుమ నాడు అహోబిలంలో పార్వేట మొదలవుతుంది. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు పల్లకిలో బయలుదేరి దాదాపు నలభై రోజులపాటు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తమ కల్యాణానికి జనాన్ని స్వయంగా పిలుస్తారు. ఆ పిలుపు అందుకోవడానికి ఎవరూ కొండెక్కక్కర్లేదు, ఏ కాగితమూ చూపించక్కర్లేదు. చెంచు తెగవారు నరసింహుణ్ణి తమ ఇంటి అల్లుడిగానే చూసుకుంటారు.

అదే సీమలో ఒక కూలీ సర్కారు పథకంలో కొత్తగా చేరాలంటే ఎంత ప్రయాసో! ఈ-శ్రమ్‌నే తీసుకుందాం. అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం 2021 ఆగస్టు 26న ప్రారంభించిన నమోదు ఇది. 16 నుంచి 59 ఏళ్లవారికి రుసుము లేకుండా 12 అంకెల సంఖ్య ఇస్తారు. ఉద్దేశం మంచిది. కానీ సొంతంగా చేరాలంటే ఆధార్‌కు ముడిపెట్టిన ఫోనుకే ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎప్పుడో మారిపోయి ఉంటే సేవా కేంద్రానికి వెళ్లి వేలిముద్ర వేయాలి. ఆళ్లగడ్డలో ఏళ్లతరబడి ఉలి పట్టి రాయి చెక్కిన శిల్పి వేలిమీద గీతలేం మిగులుతాయి? 'ముద్ర పడలేదు, రేపు రండి' అంటే ఆ పూట కూలి పోయినట్టే.

ఇక పేరు. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆధార్‌లో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో పూర్తి ఇంటిపేరు ఉంటే మనిషి ఒకడేనని ఊరంతటికీ తెలుసు. కంప్యూటరు మాత్రం ఒప్పుకోదు. ఈ చిన్న తేడాకే జనం వెనక్కి తిరిగిపోవడం మనసును కలచివేస్తుంది.

బ్రిటన్ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల్లో ఒక తెర మీద ఒకే ప్రశ్న అడగడం రివాజు. మనకూ అది కావాలి, అదీ తెలుగులో. మొదటి రోజు పేరు, ఊరు, ఫోను చాలు. బ్యాంకు ఖాతా డబ్బు వేసే రోజున అడగొచ్చు. చదవలేనివారికి ప్రశ్న వినిపించాలి. ముద్ర పడకపోతే కనుపాపతో సరిచూడాలి. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచుల వంటి ఆదిమ తెగల గూడేలకే శిబిరాలు వెళ్లి ఆధార్, కుల ధ్రువపత్రాలు ఇవ్వాలన్నారు. ఆ పద్ధతి కూలీలందరికీ వర్తించాలి.

నల్లమల అంచున సిగ్నల్ దొరకని చోట్లు ఇంకా ఉన్నాయి. ఓటీపీ ఆలస్యమైనా, కరెంటు పోయినా అప్పటిదాకా నింపింది చెరిగిపోకూడదు. దరఖాస్తులో జనం ఏ గడి దగ్గర ఎక్కువగా ఆగిపోతున్నారో లెక్క తీయడం కష్టం కాదు. అధికారులు నెలకోసారి ఆ లెక్క ముందు పెట్టుకుని కూర్చోవాలి. ఆ గడి అవసరమైతే తేలిక చేయాలి, లేకపోతే తీసేయాలి.